స్వామివారి తెప్ప, సర్కారు కాలువ

నిండుగా పారే కాలువను, దాని మీదికి వంగిన కొబ్బరిచెట్లను చూసి కోనసీమను చూశామనుకునేవారు చాలామంది. వేసవిలో కాలువ కట్టివేసిన తరువాత ఒకసారి వచ్చి చూడండి. నీరు తీసిన కాలువ అడుగు ఊరి గుణాన్ని దాచదు. ఎవరు పెంట ఎక్కడ పారబోశారో, ఎవరు గట్టును తమ దొడ్డిలో కలుపుకున్నారో, ఎవరు దొంగతనంగా గొట్టం వేసి చేపల చెరువుకు నీరు మళ్ళించుకున్నారో అంతా అక్కడ కనిపిస్తుంది. నీటిపారుదల శాఖలో నా ఉద్యోగ జీవితమంతా ఈ అడుగును చూస్తూనే గడిచింది. అందుచేత మనుషుల మీద నాకు పెద్ద భ్రమలు లేవు. ఉన్న భ్రమలేమిటంటే నియమాల మీద, కొలతల మీద, సంతకాల మీద.

శాఖలో కొత్తగా చేరిన యువకులు అప్పుడప్పుడు నన్ను కలవడానికి వస్తుంటారు. వారి సంభాషణలో ఇప్పుడు కొత్త మాటలు వినిపిస్తాయి: సుస్థిర అభివృద్ధి, ప్రజల భాగస్వామ్యం, విపత్తు నిర్వహణ. మంచి మాటలే. మతం వీటికి అడ్డమా, అండా అని మొన్న ఒక యువకుడు అడిగాడు. ఒకే కాలువలో, ఒకే వేసవిలో, ఒకే దేవుడి పేరుతో రెండూ జరగడం నేను చూశాను. ఆ సంగతి వివరంగా చెప్పడమే అతనికి నేనివ్వగల సమాధానం.

తొంభైల నడిమి సంవత్సరాలవి. రాజోలు వైపు ఒక సబ్‌డివిజనుకు నేను డిప్యూటీ ఇంజనీరును, అంటే డీఈని. నా అధీనంలోని కాలువల్లో ఒకటి, ఒక పెద్ద ఊరి గోపాలస్వామి గుడి ముందుగా పారి, మురుగు కాలువను ఒక తూము మీదుగా దాటి, సముద్రం దరిదాపుల్లోని శివారు గ్రామంతో అంతమయ్యేది. ఆ తూము పాతబడి కూలింది. పై నుంచి వచ్చిన మంచినీరు అక్కడితో మురుగులోకి, మురుగు నుంచి సముద్రంలోకి పోయేది. మూడేళ్ళుగా శివారుకు చుక్క చేరలేదు. ఆ ఊళ్ళో నేల తవ్వితే ఉప్పునీరు. కాలువ నీటితో నిండవలసిన మంచినీళ్ళ చెరువు మాఘమాసానికే నెర్రెలు విచ్చేది.

ఆ ఊరి ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయిని ఒకనాడు నా కార్యాలయానికి వచ్చారు. తెల్లని నేత చీర, చేతిలో గొడుగు, మాటలో అతి మర్యాద. ఆమె తాత ఆ పొలాలలోనే పాలేరు. చర్చి వారి బడిలో చదువుకున్న మొదటి తరం ఆమె తండ్రిది. ఊళ్ళో అన్ని కులాలవారూ ఆమెను టీచరమ్మగారనే పిలిచేవారు.

"దరఖాస్తు తెచ్చారా?" అన్నాను.

"లేదండి. మూడేళ్ళ నించీ ఇచ్చినవి మీ దగ్గరే ఉన్నాయి కదండీ. ఈసారి నన్ను నేనే తెచ్చుకున్నాను."

నేను నవ్వలేదు. నవ్వడం నాకు అలవాటు లేదు.

"మా పిల్లలు దాహమేస్తే చెప్పరండి," అన్నారామె. "ఇంటికెళ్ళి తాగినా ఉప్పే కదా అని వాళ్ళకి తెలుసు. పాఠం మధ్యలో పెదాలు నాక్కుంటారు. నాకు అదే కనపడతాదండి, పాఠం కనపడదు."

తూము పునర్నిర్మాణానికి ఆ ఏడు మంజూరు వచ్చిందనీ, వేసవిలో కాలువ కట్టివేయగానే పని మొదలవుతుందనీ చెప్పాను. ఆమె సంతోషించలేదు.

"వైశాఖ పున్నానికి నీళ్ళు వదుల్తారు కదండీ? తెప్పకి?"

సమస్య అక్కడే ఉంది. గోపాలస్వామివారి తెప్పోత్సవం వైశాఖ పూర్ణిమనాడు. అది కాలువ కట్టివేత నడిమధ్యన వస్తుంది. జంట పడవల మీద తెప్ప కట్టి, దేవుణ్ణి గుడి ఎదుటి కాలువలో తిప్పడం అనాదిగా వస్తున్న ఆచారం. దాని కోసం శాఖవారు ఏటా మూడు రోజులు లాకులు ఎత్తి నీరు వదలడం మామూలు. ఆ మామూలు వల్లనే కాలువలో ఏ పెద్ద పనీ ఏ ఏడూ పూర్తి కాలేదు. సగం కట్టిన కట్టుబడి తడిసి జారిపోయేది, తీసిన పూడిక తిరిగి చేరేది. తూము పునాది లేచిన సమయంలో నీరు వస్తే మొత్తం పోతుంది. శివారుకు నాలుగో ఏడూ ఎండే.

"ఈ ఏడు వదలను," అన్నాను.

ఆమె లేచారు. "మాట నిలబెట్టుకోడం మీ చేతుల్లో ఉంటాదంటారా?" అని మాత్రం అడిగి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

నిజానికి నా చేతుల్లో ఉన్నది తక్కువే. వారం తిరగకుండా నా పై అధికారి, మా ఈ.ఈ. గారు ఫోను చేశారు. "మూడు రోజుల నీళ్ళ కోసం దేవుడితో పెట్టుకుంటావేమిటయ్యా?"

"కట్టుబడి నిలవదు సార్."

"నిలవకపోతే వచ్చే ఏడు మళ్ళీ కడతాం. ఊళ్ళో గొడవైతే దాన్ని ఎవడు కడతాడు?"

"వదలమని రాతపూర్వకంగా ఆదేశం ఇప్పించండి సార్, వదులుతాను."

"నువ్వు మారవయ్యా," అని ఆయన ఫోను పెట్టేశారు. ఆదేశం రాలేదు. రాతలో ఇవ్వడానికి ఎవరూ ఇష్టపడని ఆజ్ఞలు మా శాఖలో చాలా ఉండేవి. వాటిని ఎదుర్కోవడానికి నాకు తెలిసిన ఆయుధం అదొక్కటే.

తరువాత గుడి మండపంలో సమావేశం పెట్టారు, నన్ను రమ్మన్నారు. ఉత్సవ సంఘానికి పెద్ద ఒక కొబ్బరి షావుకారు. మలికిపురం సంతలో ఆయన మాటకు విలువ ఉండేది. మనిషి మంచివాడు, ధారాళంగా ఇచ్చే చేయి. ఊరి దిగువన ఆయన కొబ్బరి కొట్టు ఉండేది. దాని వెనుక గోడ మాత్రం కాలువ లోపల ఉండేది, ఆక్రమణ. దాన్ని తీసివేయవలసిందిగా నా ముందు అధికారులూ, నేనూ ఇచ్చిన నోటీసులను ఆయన చాలా మర్యాదగా అందుకునేవారు. నోటీసు తెచ్చిన మా కాలువ కాపలా లస్కరుకు మజ్జిగ ఇచ్చి పంపేవారు.

"ఏవండీ డీఈ గారూ," అని మొదలుపెట్టారు షావుకారు, "మా తాతల నాటి నించీ స్వామి తెప్ప ఎక్కని ఏడు లేదండి. గాలివాన కొట్టేసిన ఏడు కూడా ఎక్కేరండి. ఇప్పుడు మీరొచ్చి ఆపేస్తానంటే ఎలాగండీ?"

"నేను ఆపేది తెప్పను కాదు. నీటిని."

"నీళ్ళు లేకుండా తెప్పేటండీ? ఇసక మీద కూర్చోబెట్టి ఊపమంటారా?"

మండపం ఘొల్లుమంది. వెనుక నుంచి ఎవరో "తెడ్లు కూడా వేద్దాం లెండి!" అన్నారు. నాకు కోపం వచ్చింది. తూము పటం విప్పి, పునాది లోతు, నీటి ఒత్తిడి వివరించడం మొదలుపెట్టాను. ఎవరూ వినలేదు. మండపం బయట, మెట్ల పక్కన అరుగు మీద టీచరమ్మగారు కూర్చుని ఉన్నారు. పిలవకుండానే వచ్చారు. షావుకారు ఆమెను చూసి కొంత ఇబ్బందిపడ్డారు.

"మీరేటండీ టీచరమ్మగారూ, ఇలా వచ్చేరు?"

"ఏం లేదు నాయనా. ఈ ఊరి బళ్ళో ఉన్నప్పుడు మీ అబ్బాయికి ఎక్కాలు చెప్పిన చనువుతో వచ్చేను. మా ఊరికి నీళ్ళొస్తాయో రావో ఇక్కడ తేలతాదన్నారు. తేలేదాకా కూర్చుందామని."

అంతవరకు గర్భగుడి గడప దగ్గర స్తంభానికి ఆనుకుని నిలబడిన అర్చకులు అప్పుడు కదిలారు. డెబ్బై దాటిన మనిషి, బక్కపలచని దేహం. మంత్రం చెప్పేటప్పుడు తప్ప ఆయన గొంతు పైకి వచ్చేది కాదు. మండపం దాటి, మెట్లు దిగి, టీచరమ్మగారు కూర్చున్న అరుగు దాకా వెళ్ళారు. అందరూ అటు తిరగవలసి వచ్చింది.

"మీ ఊరికి నీళ్ళు రాక ఎన్నేళ్ళయిందమ్మా?"

"మూడండి."

ఆయన తల ఊపి మా వైపు తిరిగారు. "ఏటేటా స్వామి ఈ గుడి ముందరే అటూ ఇటూ తిరిగి వచ్చేస్తున్నారు. నిండుగా ఉన్న నీళ్ళే చూస్తున్నారు. ఏలికన్నవాడు ఎండిన చోటు కూడా చూడాలి కదండీ. ఈ ఏడు స్వామి కాలవ చివరిదాకా వెళ్తారు. తెప్ప బుజాల మీద వెళ్తుంది."

షావుకారు మెల్లగా అన్నారు: "స్వామీ, ఆచారం..."

"తప్పయితే నాకు తగులుతుంది లెండి. ఈ వయసులో నన్ను ఇంకేం చేస్తారు?"

"అది కాదండీ, కాలవలో దారేదండీ? పూడిక, గుర్రపుడెక్క, ముళ్ళు, చచ్చిన కుక్కలు. స్వామిని అందులోంచి ఎలా తీసికెళ్తారు?"

"స్వామి వీధిలోకి వస్తే ఎవరి వాకిలి వాళ్ళు ఊడ్చుకోరా?" అన్నారు అర్చకులు.

అంతే. వాదన ముగిసింది. వెళ్ళబోతూ ఆయన నన్ను ఆపి, "తెప్ప చట్రం కట్టించాలండి. కాలవ అడుగు వెడల్పు ఎంతుంటుందండీ, చివరిదాకా?" అని అడిగారు.

నేను పటం చూసి శాఖ వారి కొలత చెప్పాను. ఆక్రమణలు పోగా మిగిలిన వెడల్పు చెప్పలేదు. దాచడం నా ఉద్దేశం కాదు. ఆక్రమణను కొలతలో కలిపి చెప్పడమంటే దాన్ని ఒప్పుకున్నట్టే అవుతుందని నా సిద్ధాంతం. ఉద్యోగంలో ఏనాడూ అలా చెప్పలేదు. ఆనాడూ చెప్పలేదు.

ఆ మరునాటి నుంచి జరిగినదాన్ని నేను గట్టు మీద నిలబడి చూశాను. పూడికతీతకు నా దగ్గర పైసా మంజూరు లేదు. ముందటి ఏళ్ళలో శ్రమదానం చేయండని దండోరా వేయిస్తే లస్కరు, అతని బావమరిది తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. కాలువ సర్కారుది, సర్కారే చూసుకోవాలి అనేవారు. ఇప్పుడు అదే కాలువ స్వామి వచ్చే వీధి అయింది. వీధి అయితే ప్రతి ఇంటికీ ఒక వాకిలి ఉంటుంది. గట్టు పొడవునా ప్రతి కుటుంబం తన దొడ్డికి ఎదురుగా ఉన్న కాలువను తన వాకిలిగా లెక్కించుకుంది. పారలు, గమేళాలు, తట్టలు దిగాయి. గుర్రపుడెక్క కుప్పలు గట్టెక్కి ఎండాయి. కోడళ్ళు తవ్వుతుంటే గట్టు మీద అత్తలు కూర్చుని పక్కవారి వాకిలి వంక చూసి వంకలు పెట్టేవారు. "మీ దగ్గర ఎత్తుగా ఉందేమిటొదినా, స్వామికి కాలు తగలదూ?" అన్న మాట ఒకటి విన్నాను. నా శాఖలో ఏ పర్యవేక్షకుడూ అంత కఠినంగా మట్టం చూడలేదు.

శివారు గ్రామంలో మాత్రం తర్జనభర్జన జరిగింది. అక్కడ ఎక్కువ ఇళ్ళు క్రైస్తవులవి. విగ్రహం వచ్చే దారిని మనం బాగుచేయడమేమిటని కొందరన్నారు. ఆ మాటలో అన్యాయమేమీ లేదు. ఆ ఊరి పాస్టరుగారు ఏ వైపూ చెప్పలేక నలిగిపోయారు. చివరకు ప్రార్థన ముగిశాక టీచరమ్మగారు లేచి, "మనం బాగుచేసేది నీళ్ళొచ్చే దారర్రా. ఆ దారిని ముందెవరొస్తే మనకేటి? వెనకాల నీళ్ళు రావాలి," అన్నారట. మరునాడు పాస్టరుగారే మొదటి పార పట్టారు. తూము నుంచి చెరువు దాకా ఉన్న చివరి భాగాన్ని వారే శుభ్రం చేశారు. వారు తీసిన అడుగు మట్టం అన్నింటికంటే సరిగా ఉంది. వారి అవసరం అటువంటిది.

పూర్ణిమ వచ్చింది. పడవల వాళ్ళు వెదుళ్ళతో, సరుగుడు కర్రలతో తెప్ప చట్రం కట్టారు. నేను చెప్పిన వెడల్పుకు సరిగ్గా కట్టారు. అరటిబోదెలు, మామిడాకులు, బంతిపూలు. హంస ముఖం మామూలుగానే ముందు నిలబెట్టారు. నీరు లేని కాలువలో ఆ హంస మనుషుల భుజాల మీదుగా ముందుకు సాగుతుంటే, మొదట నవ్వుతారేమో అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. కాలువ అడుగున ఊరు ఊరంతా ముగ్గులు పెట్టింది. రెండు గట్ల మీదా జనం. అడుగున మోసేవాళ్ళు, మేళం, ముందు అర్చకులు. ఆ గట్లు నేను అనేకసార్లు కొలిచినవే. ఆ ఉదయం అవి గుడి ప్రాకారాల్లా కనిపించాయి.

ఊరి దిగువన షావుకారు గోడ దగ్గర తెప్ప ఆగింది.

షావుకారు తన వాకిలిని అందరికంటే బాగా ఊడ్పించారు. గోడకు కొత్తగా సున్నం వేయించి, ఎర్రమన్ను పట్టెలు దిద్దించి, తోరణం కట్టించారు. ఆ అందమైన గోడకూ ఎదుటి గట్టుకూ మధ్య మిగిలిన సందులో తెప్ప పట్టదు. చూడగానే ప్రతివారికీ అర్థమైంది. అంతవరకు ఎవరికీ తట్టలేదు. గుడి ముందు కాలువ విశాలంగా ఉంటుంది, తెప్ప ఎప్పుడూ అక్కడే తిరిగేది. ఈ గోడను దాటవలసిన అవసరం దానికి ఏనాడూ రాలేదు.

మేళం ఆగిపోయింది. గట్టు మీద నుంచి ఒక ముసలాయన, "షావుకారుగారూ, స్వామి మీ ఇంటికే వచ్చేరండి!" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"కొంచెం పక్కకి ఒరిగించండ్రా," అన్నారు షావుకారు.

"ఒరిగిస్తే స్వామి పక్కనున్న అమ్మవార్లు జారతారండి," అన్నాడు పడవల మేస్త్రి.

"పక్క బొంగులు తీసేస్తే?"

"అన్నీ ఒకే కట్టండి. ఒకటి తీస్తే అంతా విడిపోద్దండి."

"పోనీ వెనక్కి..." అని షావుకారే సగంలో ఆపేశారు. బయలుదేరిన దేవుణ్ణి మధ్యదారిలో వెనక్కి తిప్పకూడదు. ఆ సంగతి ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు.

మోసేవాళ్ళ మెడల మీద నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి. ఒకరి చోటు మరొకరు తీసుకుంటున్నారు. తెప్పను నేల మీద దించకూడదు. షావుకారు నా వైపు తిరిగారు.

"ఈ కొలత మీరు చెప్పిందేనాండీ?"

"ప్రభుత్వం వారి పటంలో ఉన్న కొలత," అన్నాను.

ఆయన అర్చకుల వైపు చూశారు. అర్చకులు వింజామర వీస్తూ దేవుడి ముఖం వైపు మాత్రమే చూస్తున్నారు. ఎవరూ ఒత్తిడి చేయలేదు. ఒక్కరైనా 'గోడ కొట్టండి' అని అరిచి ఉంటే షావుకారు మొండికేసేవారని నా నమ్మకం. అంత జనం అంత నిశ్శబ్దంగా ఉండడం నేను అదే మొదటిసారి చూశాను. ఆ నిశ్శబ్దంలో ఒక మనిషి తన ఆస్తికీ తన దేవుడికీ మధ్య నిలబడి ఉన్నాడు. ఆయనకు సాయం చేయగలవారు అక్కడ ఎవరూ లేరు.

షావుకారు భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకున్నారు. "గునపం తెండ్రా," అన్నారు. పాలేరు ముందుకు వస్తే, "నువ్వు కాదు," అని తానే అందుకున్నారు. మొదటి దెబ్బకు తోరణం తెగింది. కొత్త సున్నం పెళ్ళలుగా రాలింది. ఆయనకు అలవాటు లేని పని, ఆయాసపడుతున్నారు. కాసేపటికి నలుగురైదుగురు చేరారు. గోడ కూలగానే లోపల గుట్టగా పోసిన కొబ్బరికాయలు దొర్లుకుంటూ వచ్చి తెప్ప ముందు కాలువ నిండా పరచుకున్నాయి.

"ఏళ్ళ మొక్కులన్నీ ఒక్కసారే తీరిపోయేయండి," అన్నారు షావుకారు, చెమట తుడుచుకుంటూ. అప్పుడు నవ్వింది జనం. ఆ నవ్వులో ఎగతాళి లేదు.

మేళం అందుకుంది. తెప్ప కదిలింది. కొంత దూరం పోయాక నాకొక శబ్దం వినిపించింది. ముందు ఏమిటో తెలియలేదు. దిగువన, తెప్ప ఇంకా చేరని చోట్ల, టంగుటంగుమని గునపాల చప్పుడు. షావుకారు గోడ సంగతి గట్టు వెంబడి తెప్ప కంటే ముందు నడిచింది. కాలువలోకి జరిగిన పశువుల పాకలు, మరుగుదొడ్ల గోడలు, చేపల చెరువుల అడ్డుకట్టలు, ఎవరివి వారే తీసివేస్తున్నారు. తెప్ప ముందుకు పోతున్నకొద్దీ ఆ చప్పుడు ఇంకా ముందుకు జరుగుతోంది. నా సంతకంతో వెళ్ళిన నోటీసులన్నీ ఆనాడు నాకు గుర్తుకు వచ్చాయి. అవి చట్టం ప్రకారం చాలా సక్రమమైనవి.

తూము దగ్గర తాపీపనివారు కట్టుబడి ఆపి చేతులు జోడించారు. పని కోసం మురుగుకు అడ్డంగా వేసిన మట్టికట్ట మీదుగా తెప్ప అవతలికి దాటింది. సాయంకాలానికి తెప్ప శివారు చేరింది. చెరువు గట్టున ఆ ఊరివారంతా నిలబడి ఉన్నారు. నమస్కరించినవారు నమస్కరించారు, ఊరికే నిలుచున్నవారు నిలుచున్నారు. మోసేవాళ్ళ కోసం టీచరమ్మగారు కొబ్బరి బోండాలు కొట్టించి సిద్ధంగా ఉంచారు. ఆ ఏర్పాటులోని సూక్ష్మం అక్కడున్న పెద్దలందరికీ తెలుసు. ఎగువ ఊరివారిలో చాలామంది ఆ పేటలో ఏనాడూ గ్లాసు పుచ్చుకోలేదు. బోండాంతో ఎవరికీ పేచీ ఉండదు. ఎవరినీ ఇరుకున పెట్టకూడదని ఆమె ముందే ఆలోచించారు.

అర్చకులు బోండాం వద్దన్నారు. "మంచినీళ్ళు ఇప్పించమ్మా. మీరు రోజూ తాగేవి."

టీచరమ్మగారు తడబడడం నేను చూసింది అప్పుడొక్కసారే. "మీకు మడి కదండీ..."

"స్వామి ఎంతదూరం వచ్చేరో నా మడీ అంతదూరం వచ్చింది."

గాజు గ్లాసులో నూతి నీళ్ళు తెచ్చారు. ఆయన ఎత్తి పోసుకుని తాగారు. ఒక గుటక మింగి కొంచెంసేపు కళ్ళు మూసుకున్నారు. తరువాత గ్లాసు షావుకారుకు ఇచ్చారు. "మీరూ చూడండి." షావుకారు తాగారు. ఆయన ముఖం నేను మరిచిపోలేదు. గోడ కొట్టేటప్పుడు కూడా ఆయన ముఖం అలా కాలేదు. "ఇవా," అన్నారు, "ఇవా పిల్లలు తాగేది?" గ్లాసు చేతులు మారింది. నా దాకా వచ్చింది. నేనూ తాగాను. ఉప్పదనం ఎంతో కొలిచి చెప్పే పరీక్ష నివేదికలు నా వద్ద ఉండేవి. అవి చదివి నాకు తెలిసింది వేరు, ఆ గుటకతో తెలిసింది వేరు.

తిరుగు దారిలో నేను అర్చకులను అడిగాను. "గోడ అడ్డం వస్తుందని మీకు ముందే తెలుసాండీ?"

"మీరు చెప్పిన కొలతకే కదండీ కట్టించేను," అన్నారు. ఎంత అడిగినా అంతకు మించి చెప్పలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ కథ విని భక్తి ఉంటే బడ్జెటు అక్కరలేదని ఎవరైనా అనుకుంటే నేను బాధ్యుణ్ణి కాను. తూము నిలిచింది సిమెంటు వల్ల, తాపీమేస్త్రి వల్ల, నీరు వదలకపోవడం వల్ల. మా ఈ.ఈ. గారు తరువాత ఎంతో ఉత్సాహపడి, ఇతర కాలువల మీద కూడా ఇటువంటి ఉత్సవాలు ప్రోత్సహించవలసిందని ఒక సర్క్యులరు పంపారు. ఎక్కడా ఒక్క పార దిగలేదు. సర్క్యులరుకు వాకిలి ఉండదు. రెండు వేల సంవత్సరం దాటాక, నేను పదవీ విరమణ చేసిన తరువాత, అదే గుడి తెప్పోత్సవం మర్నాడు అదే కాలువలో ప్లాస్టిక్ గ్లాసులూ థర్మోకోలు హంసలూ తేలడం ఈ కళ్ళతోనే చూశాను. అప్పటికి ఆ అర్చకులు లేరు. దేవుడు అక్కడే ఉన్నాడు, జనం అక్కడే ఉన్నారు. 'ఏలికన్నవాడు ఎండిన చోటు చూడాలి' అనగల మనిషి ఒకరు లోపించారు. మతం అడ్డమా, అండా అని అడిగిన యువకుడికి నేను చెప్పగలిగింది ఇంతే: ఆ మనిషి ఎవరో ముందు చూడు.

జూన్ మొదట్లో లాకులు ఎత్తాము. ఎండిన కాలువలో నీటి మొన ఎలా నడుస్తుందో మీలో చాలామంది చూసి ఉండరు. అది పరుగెత్తదు. దుమ్మును, ఎండుటాకులను, నురగను ముందు నెట్టుకుంటూ, ప్రతి గుంటనూ నింపి, ఆగి, మళ్ళీ కదులుతుంది. మనిషి నడకతో దాని పక్కనే నడవవచ్చు. ఆనాడు చాలామంది నడిచారు. షావుకారు కూడా గొడుగు వేసుకుని వచ్చారు. "మీరెందుకండీ ఇంత ఎండలో?" అంటే, "నా ఇటుకలేమైనా కొట్టుకొస్తున్నాయేమో చూద్దామని లెండి," అన్నారు.

కొత్త తూము మీదుగా నీరు దాటేటప్పుడు నేను వంగి కట్టుబడికి చెవి ఆనించి విన్నాను. లీకు లేదు. చుక్క కూడా మురుగులోకి పోలేదు.

శివారు చేరేసరికి పొద్దు వాలుతోంది. మొదటి నీరు మురికిగా ఉంటుంది, దాన్ని చెరువులోకి తీయకూడదని నియమం. చెరువు తూము మూసివేయించి, ఆ నీటిని పక్కనున్న పొలం బోదెలోకి, అంటే చిన్న పిల్లకాలువలోకి వదలమన్నాను. మూడేళ్ళుగా ఎదురుచూసిన జనం కళ్ళెదుట నీరు పక్కకు పోతుంటే ఒక్కరూ గొణగలేదు. నీరు తేరుకునేదాకా కూర్చున్నారు. అప్పుడు తలుపు ఎత్తమని టీచరమ్మగారికి చెప్పాను. ఆమె, షావుకారు, పాస్టరుగారు కలిసి మర తిప్పారు.

నీరు చెరువులోకి దిగింది. అడుగున మనిషి చేయి పట్టేటంత వెడల్పు నెర్రెలు. నీరు వాటి దాకా వచ్చి నిండకుండా, లోపలికి పోవడం మొదలుపెట్టింది. నేల లోపలి గాలి బుడగలుగా పైకి వస్తూ, చెరువంతా సన్నగా ఒక శబ్దం. చాలా పెద్ద ప్రాణి ఏదో గుటకలు వేస్తున్నట్టు ఉంది. నేను చెప్పులు ఎప్పుడు విడిచానో నాకు తెలియదు.

బడి పిల్లలు బిందెలు, గిన్నెలు పట్టుకుని గట్టు దిగబోయారు. టీచరమ్మగారు చేతులు చాపి వాళ్ళను ఆపారు.

"ఉండండర్రా. దాన్ని తాగనివ్వండి ముందు. తరవాత మనం."

పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. చీకటి పడేదాకా చెరువు తాగుతూనే ఉంది.